ఐదుగురు అత్తలు, ఒక మానిటర్

మా ఇంట్లో కొత్త మానిటర్ అవసరం పడిందంటే దానికి కారణం అక్కుపల్లి పెళ్ళికూతురి చీర.

నేను ఫ్లెక్సీలు డిజైన్ చేస్తాను. మాది పూండి స్టేషనుకి కాస్త అవతల, జీడితోటల మధ్య ఉండే ఊరు. అక్కడే కూర్చుని పెళ్ళిళ్ళకీ పుట్టినరోజులకీ క్రికెట్ టోర్నమెంట్లకీ పెద్దకర్మలకీ బ్యానర్లు తయారు చేసి, టెక్కలిలో ప్రింటింగ్ చేసేవాళ్ళకు పంపుతాను. మా చుట్టుపక్కల మనుషులు బతికుండగా కనీసం ఒకసారి, పోయాక ఒకసారి నా చేతుల మీదుగా వెళ్ళాల్సిందే. అందరినీ కాస్త తెల్లగా చేసి, వెనకాల ఒక సూర్యోదయం పెట్టడం నా వృత్తిధర్మం.

ఆ అమ్మాయి పసుపురంగు పట్టుచీర కట్టుకుని ఫొటో దిగింది. నా పాత మానిటర్లో ఆ చీర వెలిసిపోయి కనిపించింది. పెళ్ళికి వెలిసిన చీరేమిటని పసుపు పెంచాను. ఇంకా చాలదనిపించి మరికొంచెం పెంచాను. ప్రింటయి వచ్చిన ఫ్లెక్సీలో చీరతో పాటు పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు, పక్కనున్న రెండు పావురాలు కూడా పసుపు నీళ్ళలో ముంచి తీసినట్టున్నారు. పెళ్ళికూతురి తండ్రికి రెండు బోట్లున్నాయి. సముద్రం మీద కేకలు వేసి అలవాటైన గొంతుతో ఫోన్ చేశాడు.

"అమ్మా, మా గుంటకి పచ్చకామెర్లు లేవమ్మా! పందిట్లో కట్టినకాడి నుంచి వొచ్చినోళ్ళందరూ ఒంట్లో ఎలాగున్నాదని అడుగుతన్నారు."

క్షమాపణ చెప్పుకుని, నా ఖర్చు మీద మళ్ళీ ప్రింట్ చేయించి పంపాను. తప్పు నాది కాదు, మానిటర్‌ది. మూతపడిన ఒక ఇంటర్నెట్ సెంటర్ నుంచి చవగ్గా వచ్చిందది. ఉప్పుగాలికి దాని వెనకాల తీగ దూర్చే చోటంతా తుప్పు పట్టింది. తీగని ఒక కోణంలో వంచి, బట్టల క్లిప్పు పెడితే తప్ప ఎరుపు రంగు వచ్చేది కాదు. క్లిప్పు జారితే మనుషులంతా సముద్రంలో మునిగినట్టు నీలంగా మారిపోయేవారు.

కొత్తది కొనాలని నేననగానే బావ కళ్ళు మెరిశాయి. బావంటే మా మేనత్త కొడుకు, నా మొగుడు. టెక్కలిలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతాడు. సాయంత్రం ఇంటికొచ్చి, టీ తాగి, కంప్యూటర్ ముందు కూర్చుని తుపాకీతో మనుషుల్ని కాలుస్తాడు. కంప్యూటర్ ఒక్కటే కాబట్టి పగలు నాది, సాయంత్రం ఆయనది. కిందటేడు నాకు చెప్పకుండా ఆటల కోసం ఒక పాత గ్రాఫిక్స్ కార్డు కొని అందులో పెట్టించాడు. ఇదేమిటని అడిగితే కంప్యూటర్ వేడెక్కకుండా ఫ్యాన్ పెట్టించానన్నాడు. ఆయన అబద్ధమాడలేదు. దానికి నిజంగానే రెండు ఫ్యాన్లున్నాయి.

మా ఇంట్లో పెద్ద ఖర్చులకి అనుమతి ఇచ్చేది అత్త. పదిహేను వేలు దాటకూడదంది. ఆ డబ్బుకి పెద్ద తెర వస్తుంది, లేదా వేగంగా కదిలే తెర వస్తుంది. రెండూ కలిపి రావు. నాకు ఇరవై ఏడంగుళాలది కావాలి, ఫ్లెక్సీ మొత్తం ఒక్కసారి కనిపించాలి. బావకి నూట నలభై నాలుగు హెర్ట్జులు కావాలి.

"హెర్ట్జులంటే ఏటనుకున్నావు? తెర మీద బొమ్మని సెకనుకి ఎన్నిసార్లు గీత్తందో ఆ లెక్క," అని బోర్డు ముందు నిలబడ్డట్టు చెప్పాడు. "మనదిప్పుడు అరవైసార్లే గీత్తంది. ఎదరోడు నన్ను ముందు సూసేత్తన్నాడు. అందుకే నాను సచ్చిపోతన్నాను."

అరుగు మీద చింతపండు గింజ తీస్తున్న అత్త తల తిప్పింది. "ఎవుల్రా సచ్చిపోతన్నారు?"

"ఆటలోనమ్మా."

"ఆటలో సచ్చిపోడానికి పదిహేనువేలేటిరా?"

"సచ్చిపోకుండా ఉండటానికమ్మా."

"నిజంగా ఎలాగూ బతికే ఉన్నావు కదా," అని అత్త మళ్ళీ చింతపండు పనిలో పడింది.

నాలుగు రోజులు ఇదే వాదన. నేను రంగులంటే బావ వేగమంటాడు. నేను కూడూగుడ్డా అంటే ఆయన మనశ్శాంతి అంటాడు. ఆన్‌లైన్లో ఇంకొంచెం చవగ్గా వచ్చేవి. కాని మా ఊరికి కొరియర్ రాదు, పలాసలో ఆగిపోయి మనల్నే రమ్మంటుంది. పోయినసారి మిక్సీ తెప్పిస్తే జార్ రెండు ముక్కలుగా వచ్చింది. పైగా అక్కుపల్లి అనుభవం తర్వాత రంగుల్ని కళ్ళతో చూడకుండా కొనేది లేదనుకున్నాను. చివరికి ఆదివారం కాశీబుగ్గలో దుకాణానికి వెళ్దామని తేలింది. అత్త కూడా తయారైంది.

"నువ్వెందుకమ్మా?" అన్నాడు బావ.

"మీరిద్దరే ఎల్తే దెబ్బలాడుకుని ఒట్టి సేతుల్తో వత్తారు. లేపోతే సెరొకటి కొనుకొత్తారు."

రెంటికీ అవకాశం ఉందని మా ఇద్దరికీ తెలుసు.

బయల్దేరే ముందు నేనొక పని చేశాను. పెన్‌డ్రైవ్‌లో ఒక ఫొటో వేసి సంచిలో పడేసుకున్నాను. తోటలో గంప పక్కన నిలబడ్డ అత్త ఫొటో అది. ఆకుపచ్చ చీర, ఎర్రంచు, గంపనిండా ఎరుపూ పసుపూ జీడిపళ్ళు, వెనకాల ఇసక నేల. ఆ రంగుల్లో ప్రతిదీ నేను రోజూ చూసేదే కనుక ఏ తెర అబద్ధం చెప్పినా ఇట్టే పట్టేస్తాను. ఈ సంగతి అత్తకి చెప్పలేదు. మరిచిపోయి చెప్పలేదని రాయొచ్చు గాని, కావాలనే చెప్పలేదు.

దుకాణాయన నెమ్మదస్తుడు. గోడవారగా బల్ల మీద ఐదు మానిటర్లు వరసగా పెట్టి ఉన్నాయి. అన్నింటిలోనూ ఏవో దేశంకాని దేశపు పూలు, చిలకలు, జలపాతాలు.

"అన్నీ బాగానే ఉన్నాయి కదేటి," అంది అత్త.

"అమ్ముకునేవాళ్ళు పెట్టిన బొమ్మలు బాగానే ఉంటాయత్తా," అని నేను పెన్‌డ్రైవ్ ఆయన చేతికిచ్చాను. "అన్నిట్లో ఇదొక్క ఫొటో వెయ్యండి."

ఆయన తీగలేవో కలిపి మీట నొక్కాడు. చిలకలు పోయి ఐదు తెరల మీదా ఐదుగురు అత్తలు ప్రత్యక్షమయ్యారు.

"ఓలమ్మా!" అని అసలు అత్త రెండడుగులు వెనక్కి వేసింది. "నన్నెందుకెట్టినావే ఇక్కడ?"

చార్జర్ కొనుక్కోవడానికి వచ్చిన ఒకాయన తెరల వంక చూసి, అత్త వంక చూసి, ఎవరో నాయకురాలనుకున్నాడో ఏమో, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. అత్త కూడా పెట్టింది. ఆ దండంతో ఆమె బెరుకు పోయింది. కొంగు నడుముకి దోపుకుని, పెళ్ళిచూపులకి వచ్చిన పెద్దమనిషిలా వరసగా ఒక్కో తెర ముందుకీ వెళ్ళింది.

మొదటిదాని ముందు ఆగి, "ఇది నాను కాదు. మా అక్క. అదే కొంచెం తెలుపు," అంది.

రెండోది అంచులు లోపలికి వంగి ఉండేది. బావకి దాని మీద మనసు. అత్త దాన్ని పక్కనుంచి చూసి, "తెర వంకరేటి? తడిసిపోనాదా?" అంది. దుకాణాయన దాన్ని కావాలనే అలా చేస్తారని చెప్పబోయాడు. "కావాలని సేత్తే మాత్రం వంకర వంకర కాకపోద్దా?" అని ముందుకి నడిచింది.

మూడోది అన్నింటికన్నా చవక. ఎదురుగా నిలబడితే బాగానే ఉంది. అత్తకి కాళ్ళు పీకి పక్కనున్న స్టూలు మీద కూర్చుని పైకి చూసేసరికి, తెర మీద అత్త నల్లగా అయిపోయింది. లేస్తే తెలుపు, కూర్చుంటే నలుపు. రెండుసార్లు లేచి, రెండుసార్లు కూర్చుని తేల్చుకుంది.

"ఇదొద్దు. మనిసన్నాక నిలబడ్డా కూకున్నా ఒక్కలాగుండాల."

నాలుగోది నా ఇరవై ఏడంగుళాలది. అత్త దగ్గరగా వెళ్ళి కళ్ళు చిట్లించి చూసింది. "మొకం బాగుంది గాని దగ్గిరికెల్తే గళ్ళు గళ్ళుగా ఉన్నాది. అల్లిక సంచి మీద బొమ్మేసినట్టు."

అది నిజమని దుకాణాయనే ఒప్పుకున్నాడు. తెర పెరిగినా అందులో చుక్కల సంఖ్య పెరగదట. ఉన్న చుక్కలే లావవుతాయట. పెద్దదిగా ఉండి చుక్కలు కూడా ఎక్కువుండాలంటే మా పదిహేనుతో అయ్యే పని కాదన్నాడు. రోజంతా ముక్కు ఆనించి అక్షరాలు సరిచూసే నాకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.

ఐదోది ఇరవై నాలుగంగుళాలది. అత్త దాని ముందు చాలాసేపు నిలబడింది. నిలబడి చూసింది, కూర్చుని చూసింది, తలుపు దగ్గరికెళ్ళి చూసింది.

"ఇది నాను," అంది. తర్వాత గంప వైపు వేలు పెట్టి, "ఈ పండు మన ఉత్తరం పక్క సెట్టుది. ఆ ఎరుపు దానికే వత్తాది," అంది.

నేను కూడా వంగి చూశాను. అత్త చెప్పింది అక్షరాలా నిజం. చీర చీరలాగే ఉంది, ఇసక ఇసకలాగే ఉంది. రంగులకి మంచి రకమేనని, దీన్ని ఐపీఎస్ అంటారని దుకాణాయన చెప్పాడు. సరే, ఇదే ఇవ్వండని నేననబోతుండగా బావ గొంతు సవరించుకున్నాడు.

"ఎన్ని హెర్ట్జులండీ?"

"నూట నలభై నాలుగండి."

బావ నవ్వు ఆపుకోవడానికి వీధిలోకి వెళ్ళి నిలబడ్డాడు. నాకు అనుమానం వచ్చింది. తల్లీ కొడుకూ ముందే కూడబలుక్కున్నారేమోనని ఆటోలో వస్తూ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాను. అత్త ఒళ్ళో మానిటర్ పెట్టె పెట్టుకుని, రోడ్డు మీద గొయ్యి వచ్చినప్పుడల్లా చంటిబిడ్డని పట్టుకున్నట్టు పొదివి పట్టుకుంటోంది. ఆమె మొహంలో కుట్ర ఏమీ కనబడలేదు. నా రంగులు నాకొచ్చాయి, బావ వేగం బావకొచ్చింది, పెద్ద తెర మాత్రం పోయింది. మూడంగుళాలు నేనొక్కదాన్నే వదులుకున్నానని ఆ పూటంతా ముభావంగా ఉన్నాను. ముభావంగా ఉంటే బావ గిన్నెలు తోముతాడు. కనుక అవసరమైన దానికన్నా ఒక రోజు ఎక్కువే ఉన్నాను.

మానిటర్ స్టాండు పైకి లేవదని ఇంటికొచ్చాక తెలిసింది. బావ తన పాత ఫిజిక్సు గైడ్లు నాలుగు కింద పెట్టి ఎత్తు సరిచేశాడు. సాయంత్రం ఆట మొదలుపెట్టిన ఐదు నిమిషాలకే కేక వేశాడు.

"సూసినావా? వెన్నలాగ ఎల్తంది!"

ఆ రోజు నుంచి ఇంట్లో ఒకటే వెన్న. అన్నం తింటూ వెన్న, చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ వెన్న. తర్వాతి ఆదివారం కాలేజీ నుంచి ఇద్దరు లెక్చరర్లని తీసుకొచ్చి చూపించాడు. వాళ్ళలో లెక్కల మాస్టారు తెరకి జానెడు దూరంలో మొహం పెట్టి, "అబ్బ! ఆ నున్నదనమే వేరు మాస్టారూ," అన్నాడు. నేను పకోడీలు పెట్టి, రెండుసార్లు టీ ఇచ్చాను.

మానిటరొచ్చి పది రోజులయ్యాక ఒక మధ్యాహ్నం, అక్షరాలు కొంచెం పెద్దవి చేసుకుందామని సెట్టింగుల్లోకి వెళ్ళాను. ఏదో నొక్కబోయి ఏదో నొక్కాను. తెర వివరాలన్నీ ఉన్న పేజీ తెరుచుకుంది. అందులో వేగం అన్న చోట అరవై అని ఉంది. పక్కన చిన్న బాణం గుర్తు నొక్కితే కిందికి జాబితా దిగింది. అరవై, డెబ్భై అయిదు, వంద, నూట ఇరవై, నూట నలభై నాలుగు. టిక్కు మాత్రం అరవై దగ్గరే ఉంది. మానిటర్ నూట నలభై నాలుగుదే. కాని కంప్యూటర్‌కి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. పది రోజుల నుంచీ వెన్నలాగ వెళ్తున్నది మా పాత అరవయ్యే.

ఆ పేజీ అలాగే మూసేసి, పెరట్లోకి వెళ్ళి, ఎండబెట్టిన జీడిపిక్కల పక్కన కూర్చుని కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాను. అత్త పరిగెత్తుకొచ్చింది. సంగతి చెప్పాను.

"అంటే వాడు మునపట్లాగే సచ్చిపోతన్నాడా?" అంది.

"లేదత్తా. ఈ మజ్జిన బాగానే సంపుతన్నాడు."

అత్త నా పక్కనే కూలబడింది. "అయితే సెప్పకు," అంది.

చెప్పలేదు. రెండు వారాలు చెప్పలేదు. ఆ రెండు వారాలూ మా అత్తాకోడళ్ళకి తీరిక దొరికితే అదే కాలక్షేపం. భోజనాల దగ్గర అత్త అమాయకంగా మొదలుపెట్టేది.

"ఏరా, ఆ నూట నలభై నాలుగుకీ ముందుదానికీ అంత తేడా తెలుత్తందేటి?"

"తెలవకపోవడమేటమ్మా! నక్కకీ నాగలోకానికీ ఉన్నంత."

"మరి కళ్ళకేటీ ఇబ్బంది లేదా, అంత జోరుగా ఎల్తంటే?"

ఆ ప్రశ్నకి బావ కొంచెం తడబడి, "ఇబ్బందేటి, బాగానే ఉంది," అని మజ్జిగ పోసుకునేవాడు. అత్త నోట్లో కొంగు కుక్కుకుని వంటింట్లోకి పారిపోయేది. ఆ తడబాటు ఎందుకో నేను పట్టించుకోలేదు. నవ్వుకోవడంలోనే సరిపోయింది.

తర్వాత నాకొక కోరిక పుట్టింది. చెప్పకుండా నూట నలభై నాలుగుకి మార్చేస్తే ఏమవుతుంది? వెన్న తింటున్నాననుకున్నవాడికి నిజంగా వెన్న పెడితే గుర్తుపడతాడా? సంతబొమ్మాళి నుంచి వచ్చిన క్రికెట్ టోర్నమెంట్ ఫ్లెక్సీ పూర్తిచేసి, ఆ పేజీ తెరిచి, టిక్కు కిందికి జరిపాను. తెర ఒక్కసారి నల్లబడి మళ్ళీ వచ్చింది. నాకేమీ పెద్ద తేడా అనిపించలేదు. అత్తకి సైగ చేశాను.

సాయంత్రం బావ కూర్చున్నాడు. అత్త గుమ్మం పక్కన, నేను వంటింట్లో, ఇద్దరమూ చెవులు రిక్కించి ఉన్నాం. ఆట మొదలైన చప్పుడు కూడా రాలేదు. కుర్చీ కిర్రుమంది.

"ఏయ్, ఇలా రా."

వెళ్ళాను. బావ మౌస్ పట్టుకుని ఖాళీ తెర మీద బాణాన్ని అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"ఏటి సేసినావు దీన్ని?"

"నానేటి సేత్తాను?"

"ఏటో సేసినావు. సూడు, ఎలా జారతందో! నిన్నటి దాకా ఇలా లేదు."

నేను పెదాలు బిగబట్టుకున్నాను గాని గుమ్మం దగ్గర అత్త ఆగలేకపోయింది. ఆమె నవ్వుతో మొత్తం బయటపడింది. పేజీ తెరిచి, జాబితా చూపించి, ఏ రోజు కనిపెట్టానో కూడా చెప్పేశాను. బావ అరుస్తాడనుకున్నాను, కనీసం రెండు రోజులు మాట్లాడడనుకున్నాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, రెండు చేతులూ తల మీద పెట్టుకుని, "హమ్మయ్య," అన్నాడు.

"హమ్మయ్యేటి బావా?"

"తెచ్చిన రోజునే తెలిసిపోనాదే. ఏటీ తేడా లేదు. పాతదీ ఇదీ ఒకేలాగుంది. ప్రపంచమంతా తేడా ఉందంటంటే నాకే కనపడ్డం లేదంటే, నా కళ్ళే పోనాయనుకున్నాను. టెక్కల్లో కళ్ళ డాక్టరు దగ్గిరికి కూడా ఎల్లొచ్చాను."

అత్త నవ్వు ఆగిపోయింది. "ఏటన్నాడ్రా?"

"సత్వారం అన్నాడు. అద్దాలిచ్చాడు."

"అద్దాలేవీ?"

"కాలేజీలో, నా సొరుగులో ఉన్నాయి. ఇంటికి తెత్తే అడుగుతారు కదా."

"మరి ఆ వెన్నేటి? నక్కా నాగలోకమేటి?" అన్నాను.

"ఏటనమంటావే? పెద్దది కావాలని నువ్వు మొత్తుకుంటే నాను పడనివ్వలేదు. దీన్నే కొనిపించి, తేడా లేదని ఏ మొకంతో సెప్పను? నువ్వు ఊరుకుందువా?"

ఊరుకునేదాన్ని కాదు. జీవితాంతం దెప్పేదాన్ని. పెరట్లో కూర్చుని నేను నవ్వుకుంటున్న రోజుల్లోనే ఈయన ఎవరికీ చెప్పకుండా కళ్ళు పరీక్ష చేయించుకున్నాడని తలుచుకుంటే కొంచెం సిగ్గేసింది. కొంచెమే. ఎందుకంటే వెంటనే ఇంకో సంగతి గుర్తొచ్చింది.

"పౌనఃపున్యం గురించి వందమంది పిల్లలకి పాఠం సెప్తావు. ఒక్కసారి లోపలికెల్లి సూసుకోలేకపోనావా?"

"పెట్టె మీద రాసుంది కదే. నమ్మేసాను."

"మరి లెక్కల మాస్టారు? ఆ నున్నదనమే వేరన్నాడు కదా?"

"ఆయనకేటి కనపడింది? మన పకోడీ కనపడింది."

ఈసారి ముగ్గురం నవ్వాం. మర్నాడు బావ కళ్ళజోడు ఇంటికి తెచ్చాడు. అది పెట్టుకుని తుపాకీ పేలుస్తుంటే, పరీక్ష హాల్లో చీటీలు పట్టుకునే మాస్టారిలాగే ఉంటాడు. చావడం మాత్రం మానలేదు. నూట నలభై నాలుగుసార్లు గీసినా, కళ్ళజోడున్నా, ఎదుటివాళ్ళు చిన్నవాళ్ళు, వాళ్ళ వేళ్ళు చురుకు.

అత్త కోరిక మీద పోయిన నెల బావకి చిన్న శిక్ష వేశాం. లెక్కల మాస్టార్ని మళ్ళీ పిలిచి, పకోడీ పెట్టక ముందే అసలు కథంతా ఆయనకి బావ నోటితోనే చెప్పించాం. ఆయన ఏమీ తడుముకోలేదు. "నాకు మొదటే అనుమానం వచ్చింది మాస్టారూ, మీరు బాధపడతారని అనలేదు," అన్నాడు. పకోడీ మాత్రం పోయినసారికన్నా ఎక్కువ తిన్నాడు.

ఇది జరిగాక ఒక పని మీద టెక్కలి వెళ్ళాను. ప్రింటింగ్ చేసే ఆయన, ఫ్లెక్సీలో ఒక అక్షరం సరిచేయాలని నన్ను తన కంప్యూటర్ ముందే కూర్చోబెట్టాడు. మౌస్ కదిపాను. బాణం గుర్తు నా చెయ్యి వెనకాల కాళ్ళీడ్చుకుంటూ వచ్చినట్టనిపించింది. ఫ్లెక్సీని పక్కకి జరిపితే అది కూడా కుదుపుతూ కదిలింది.

"ఏటండీ, మీ కంప్యూటర్ ఇలా ఈడుత్తంది? పాడైపోనాదా?" అన్నాను.

"ఎప్పుడూ ఇలాగే ఉంటాదమ్మా. ఆ అక్కుపల్లి ఫ్లెక్సీ సరిసేసినప్పుడు కూడా మీరు దీని మీదే పని సేసినారు కదా," అన్నాడాయన.

నేను అక్షరం సరిచేసి, సెట్టింగుల్లోకి వెళ్ళి అక్కడున్న అరవైని ఒకసారి చూసి, బస్సెక్కి ఇంటికొచ్చేశాను. అత్త మంచినీళ్ళిస్తూ ఏటి అలాగున్నావని అడిగితే, ఎండగా ఉందన్నాను.